పండబెట్టిన ఫోను

ఉబ్బిపోయిన బ్యాటరీకి ఒక వాసన ఉంటుంది. బాగా మగ్గిన అరటిపండునూ గోళ్ల రంగునూ కలిపితే వచ్చేలాంటి తీపి వాసన. మొన్న మా టెస్టింగ్ గదిలో, ఎండలో ఉంచి పరీక్షించిన ఫోన్లలో ఒకదాని వెనక మూత తీయగానే అది గుప్పుమంది. పక్కనున్న అమ్మాయి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం బద్వేలు బస్టాండు దగ్గరి ఆ ఇరుకు షాపు, గాజు బల్ల వెనక కూర్చుని ఇదే వాసన చూసి "దీని పని అయిపాయప్పా" అని తేల్చేసే దస్తగిరి మామ గుర్తొచ్చాడు. కడప బయట ఫోన్లు తయారుచేసే కంపెనీలో నాదిప్పుడు ఉద్యోగం. ఒక్క ఛార్జింగుతో ఫోను ఎంతసేపు బతుకుతుందో చూసి, చాలదని చెప్పడమే నా పని. అందుకే డిజైన్ వాళ్లకు నేనంటే గిట్టదు. నాకు ఆ చాదస్తం అంటించిన మనిషిని వాళ్లు చూడలేదు.

డిప్లొమా అయ్యాక ఏ ఉద్యోగమూ దొరక్క ఆయన షాపులో రిపేరు పనికి చేరాను. ఫోన్లు అమ్మేవాడు, బాగుచేసేవాడు. అమ్మడమంటే అందరిలా కాదు. నేను చేరిన వారంలోనే ఒక గొర్రెల కాపరి వచ్చి, అద్దాల బీరువాలో తళతళలాడుతున్న సన్నటి ఫోను చూపించమన్నాడు. మామ దాన్ని బయటికి తీయకుండానే అడిగాడు.

"మీ ఊర్లో కరెంటు ఎంతసేపు ఉంటాది?"

"ఉంటాదిలే మామా. నేనే ఉండను. గొర్రెల ఎంబడి పోతే రెండు దినాలు ఇంటిమొగమే చూడను."

"అట్లయితే ఇది నీకు ఫోను గాదప్పా. మధ్యాన్నం దాంకా ఫోను, ఆపైన మొగం చూసుకునే అద్దం."

చివరికి ఇటుక ముక్కలా లావుగా, బరువుగా ఉన్న ఫోను అంటగట్టి పంపాడు. ఆ మనిషి మొహం మాడ్చుకుని పోయాడు. మంచి బేరం పోగొట్టాడని నేను లోలోపల విసుక్కున్నాను. నెల తిరక్కుండా అదే మనిషి తన తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చి, నాకిచ్చిన ఇటుకే వీడికీ ఇయ్యి మామా అన్నాడు.

ఫోను ఆపేయడాన్ని మామ, పిల్లను నిద్రపుచ్చినట్టు, 'పండబెట్టడం' అనేవాడు. పని లేనప్పుడు పండబెట్టు, అవసరానికి లేపు అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాట చుట్టుపక్కల పల్లెలకు కూడా అంటుకుంది. "పొద్దంతా పండబెట్టినా, అయినా నిలవలేదు మామా" అంటూ ఆడవాళ్లు జబ్బుపిల్లను తెచ్చినట్టు ఫోను తెచ్చేవాళ్లు. చదువుకున్నదాన్నన్న పొగరు కదా, ఒకరోజు నవ్వాను.

"ఫోనేమన్నా ఎద్దా మామా, పండుకోని లేసేదానికి?"

"ఎద్దయితే ఆకలైతే అరుస్తాది పాపా. ఇది చెప్పకుండా సస్తాది" అన్నాడు, స్క్రూ తిప్పుతూ, తల ఎత్తకుండా.

ఆ ఏడు తుఫాను వానలకు కరెంటు స్తంభాలు పడిపోయి బద్వేలులో రెండు రోజులు కరెంటు లేదు. సరిగ్గా అప్పుడే మామ ఒక్కగానొక్క కూతురు షమీమ్‌కు తొలి కాన్పు దగ్గరపడింది. ఆమె అత్తగారి పల్లె వాగు అవతల. వాగు పొంగితే అంబులెన్సు రాదు, ట్రాక్టరు ఒక్కటే దాటగలదు. నెలలు నిండలేదని అత్తగారు పుట్టింటికి పంపలేదు. అందుకని మామ షాపు పక్క ట్రాక్టరాయనతో ముందే మాట్లాడి పెట్టాడు. ఫోను రావడమే ఆలస్యం, బయల్దేరాలి. ఇంత ఆలోచించిన మనిషి, షాపులోని ఇన్వర్టరు మీద మాత్రం ఊరందరి ఫోన్లూ పెట్టించాడు. నీళ్లలో చిక్కుకున్నవాళ్లు, ఆస్పత్రిలో మనుషులున్నవాళ్లు వరుసకట్టారు. కాదనడం ఆయనకు చేతకాలేదు. రెండో రోజు పొద్దునకు ఇన్వర్టరు అడుగంటింది. ఆయన ఫోనులో పద్దెనిమిది శాతం మిగిలింది, అదీ పాత బ్యాటరీ. నా ఫోను అప్పటికే ఆగిపోయింది.

ఆయన కూతురికి ఫోను చేసి ఒక ఏర్పాటు చెప్పాడు. "గంట గంటకూ సరిగ్గా లేపుతామమ్మా. ఐదు నిమిషాలు మేలుకోనుంటాది. ఏమన్నా ఉంటే అప్పుడు చెయ్యి." ఆ తర్వాత జనరేటరు ఎక్కడైనా దొరుకుతుందేమో చూడ్డానికి వెళుతూ ఫోను నా చేతిలో పెట్టాడు.

"పండబెట్టినా పాపా. గంట మర్సిపోవద్దు."

పన్నెండుకు లేపాను. ఒంటిగంటకు లేపాను. ఏ ఫోనూ రాలేదు. రెండవుతుండగా ఇద్దరు ఆడవాళ్లు ఇన్వర్టరులో ఇంకా కాస్త ఉందని, నాకు పెట్టమంటే నాకు పెట్టమని గొడవపడ్డారు. ఏమీ లేదని వాళ్లకు నచ్చజెప్పి పంపి గోడ గడియారం చూసేసరికి రెండూ నలభై. ఫోను లేపాను. మీకు ఫోను వచ్చింది, మీకు ఫోను వచ్చింది అంటూ మెసేజులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నీ మామ అల్లుడి నంబరు నుంచే, అన్నీ రెండు గంటల నుంచి చేసినవే. తిరిగి చేస్తే అతని ఫోను ఆగిపోయి ఉంది. మామ వచ్చేదాకా ఆగకుండా ట్రాక్టరాయన దగ్గరికి పరుగెత్తాను. మామ దారిలో ఎదురై, ఫోను తీసుకుని మెసేజుల టైము చూసి, నన్ను దింపి తను ఎక్కాడు. వాళ్లు వాగు దాటి షమీమ్‌ను ఆస్పత్రికి చేర్చేసరికి ఐదు దాటింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. ఇంకొక్క అరగంట ముందు తెచ్చి ఉంటే అని డాక్టరమ్మ అందట, మామూలుగా, చేతులు కడుక్కుంటూ.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్లాను. వార్డు తలుపు దగ్గరే ఆగాను. లోపల షమీమ్ తండ్రిని అడుగుతోంది.

"రెండుకు చేస్తిమి గదా నాయనా. చేస్తానే ఉంటిమి. ఎందుకు కలవల్యా?"

"ఛార్జింగు అయిపాయమ్మా" అన్నాడాయన. "పాత బ్యాటరీ గదా. లేపితే లేయల్యా."

ఆ ఫోను ఆయన జేబులోనే ఉంది. నిన్న లేపినప్పుడు అందులో ఇంకా పదహారు శాతం ఉందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన నన్ను చూశాడు, చూడనట్టే తల తిప్పుకున్నాడు.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే, చెంపమీద ఒకటి కొట్టి ఉంటే నాకు ఇంత బరువుండేది కాదు. ఆ రోజు గురించి ఒక్క మాటైనా ఎత్తలేదు. ఒకటే మారింది. అటుపైన ఎవరికీ ఫోను పండబెట్టమని చెప్పలేదు. ఎవరైనా ఆ మాట వాడితే "పండబెట్టాల్సిన ఫోను కొనొద్దప్పా, పెద్ద బ్యాటరీది తీసుకో" అనేవాడు, గొంతు తగ్గించి. మూడు నెలలు గడిచాక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"నువ్వు ఈడ ఉండొద్దు పాపా. ఇవి చేసేకాడికి పో. తప్పు ఆడుండాది."

అది నా మీద ప్రేమో, రోజూ నా మొహం చూడలేకపోవడమో నాకు ఈనాటికీ తెలియదు. రెండూ అయి ఉంటాయి. నేను చదివి, పరీక్షలు రాసి ఇక్కడికొచ్చాను. పలచగా చేద్దాం, బ్యాటరీ కాస్త తగ్గినా జనం పట్టించుకోరు, సేవింగ్ మోడ్ పెడితే సరిపోతుంది అని డిజైన్ వాళ్లు అన్నప్పుడల్లా నేను మొండికేస్తాను. ఎందుకని అడిగితే అంకెలు చూపిస్తాను. అసలు సంగతి ఒక్కరికీ చెప్పలేదు.

మామ పోయినేడు గుండెజబ్బుతో పోయాడు. పోయిన నెల షమీమ్ ఫోను చేసింది. ఆమెకు ఆ తర్వాత మళ్లీ పిల్లలు కలగలేదు.

"అక్కా, నువ్వు ఫోన్లు చేసేకాడ ఉండావంట గదా" అంది. "మా నాయనది మాదిరి మధ్యలో సచ్చేటివి చెయ్యొద్దండక్కా. ఆ పొద్దు బ్యాటరీ ఉండింటే నా బిడ్డ ఇప్పుడు బడికి పోతా ఉండేది."

నిజం నాలుక మీదికి వచ్చింది. చెబితే తండ్రి అబద్ధమాడాడని ఆమెకు తెలుస్తుంది కదా అని నాకు నేనే ఒక సాకు దొరకబుచ్చుకున్నాను.

"అవునమ్మా, పాత బ్యాటరీ" అన్నాను. ఆయన నాకోసం ఆడిన అబద్ధాన్ని ఈసారి నా నోటితో నేనే ఆడాను.