జోన్ ఆంటీ బూట్లు

మొన్న జాన్సన్‌విల్‌లో ఎవరో గడ్డి కోస్తుంటే, ఆ వాసనకి జోన్ ఆంటీ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ ఆమెతో క్లబ్బులో బౌల్స్ ఆడేది. దూరంగా ఉన్న చిన్న తెల్లబంతికి దగ్గరగా పెద్ద బంతుల్ని దొర్లించే ఆట అది. ఆంటీ బంతి ఎటో పోతున్నట్టే పోయి, చివర్లో వంపు తిరిగి తెల్లబంతి పక్కనే ఆగేది. ఆమె బూట్లలో అయస్కాంతం ఉందని నా అనుమానం.

“ఆంటీ మోసం చేస్తోందమ్మా! బూట్లలో అయస్కాంతం ఉంది!” అన్నాను ఒకరోజు. అమ్మ నవ్వుతూ ఆ మాట ఆమెకి చెప్పేసింది.

ఆంటీ బూట్లు విప్పి నా ఒళ్లో పెట్టి, బంతి వేసింది. అదీ వంపు తిరిగింది.

“సాక్సుల్లో ఉందేమో,” అన్నాను. అవీ విప్పేసింది.

ఆ బంతుల్ని వంపు తిరిగేలానే తయారుచేస్తారని పెద్దయ్యాక తెలిసింది. ఒక్క మాటతో తేలిపోయేదానికి, ఆ ముసలావిడ ఆటంతా చల్లటి గడ్డిలో వట్టికాళ్లతో ఆడింది.