నాయన ఓడిపోయిన ఏడాది

మొన్న పొద్దున తిరుపతిలో మా వీధి మలుపు దగ్గర, సర్కసు పోస్టర్లు అంటించే మనిషి ఒకడు తగరపు బకెట్టులో మైదాపిండి బంక కలుపుతున్నాడు. వెచ్చగా, కొంచెం పులిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగిలేసరికి పాలపాకెట్టు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. "ఏం మేడం, ఏమన్నా కావల్నా?" అని అడిగాడు. ఏమీ లేదని చెప్పి వచ్చేశాను. అరవైకి దగ్గరపడిన టీచరమ్మ బంక వాసన కోసం ఆగిందంటే ఎవరు నమ్ముతారు?

నా చిన్నప్పుడు ఎలక్షన్లొస్తే మా ఇల్లంతా అదే వాసన. మా నాయన ఎమ్మెల్యే. పూతలపట్టు నుంచి చిత్తూరు పోయే దారిలో రోడ్డు పక్కనే మా ఇల్లు. నేను ఒళ్ళో బిడ్డగా ఉన్నప్పుడు మొదటిసారి గెలిచాడు, నాకు ఆరేళ్ళప్పుడు రెండోసారి. ఆ రెండోసారిది నాకు బాగా గుర్తు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద బంక ఉడికేది, పక్క పొయ్యి మీద అమ్మ, అవ్వ ఇద్దరూ కలిసి కట్టెతో రాగిసంగటి కెలికేవాళ్ళు. చలికాలం పోయి పోకముందు, అనపకాయలు ఇంకా దొరికే రోజులు, గింజలు వలిచి పులుసు పెడితే ఆ వాసన రోడ్డుదాకా పోయేది. జీపు నెత్తిన కట్టిన మైకు ఒక్కసారి కుయ్యిమంటే చింతచెట్టు మీది కాకులన్నీ లేచిపోయేవి. వసారాలో పోస్టర్ల కట్టలు, సున్నం, నీలిమందు, బురుసులు, వాటి మధ్యలోనే ఎవరో ఒకరు తువ్వాలు పరుచుకుని నిద్రపోతుండేవాళ్ళు. నా పావడా మడతలో పార్టీ గుర్తు రేకుబిళ్ళలు నింపుకుని వీధిలోకి పోతే ఊరి ఆడపిల్లలంతా నా చుట్టూ మూగేవాళ్ళు. అచ్చనగండ్ల ఆటకు నన్నే ముందు పిలిచేవాళ్ళు.

ఎలక్షన్లు అయిపోయినాక బిళ్ళలూ అయిపోయాయి, పిలుపులూ ఆగిపోయాయి. "ఎమ్మెల్యే కూతురు, దాన్ని ఏమన్నా అంటే మనింట్లో తంతారు" అని నన్ను ఆటలో కలుపుకునేవాళ్ళు కాదు. వామనగుంటల పలక ముందేసుకుని రెండు వైపులా నేనే ఆడుకునేదాన్ని. ఎటు గెలిచినా నేనే.

నాయన నెలలో సగం హైదరాబాదులో ఉండేవాడు. ఊళ్ళో ఉన్న రోజు తెల్లవారకముందే ఇంటి ముందు తిన్నె నిండా జనం కూర్చునేవాళ్ళు. కరెంటు స్తంభం కావాలనేవాడు, కొడుక్కు అటెండరు ఉద్యోగం అడిగేవాడు, అత్తగారింట్లో కూతురు పడే పాట్లు చెప్పుకుని ఏడ్చే ముసలామె. వాళ్ళందరినీ ఆయన పేరు పెట్టి పలకరించేవాడు. "ఏం రామక్కా, నీ ఎర్రావు ఈనిందా?" అంటే ఆ రామక్క మొహం వెలిగిపోయేది. నియోజకవర్గంలో ఆయనకు పేరు తెలియని మనిషి లేడని చెప్పుకునేవాళ్ళు. నేను తలుపు రెక్క వెనక నిలబడి, నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుండేదాన్ని. జనం పలచబడేసరికి జీపు కదిలేది.

నాకు పదకొండేళ్ళప్పుడు బడి గోడ మీది నుంచి పడి ఎడంచెయ్యి విరగ్గొట్టుకున్నాను. నాయన ఊళ్ళో లేడు. అమ్మ నన్ను బస్సెక్కించుకుని పుత్తూరు తీసుకుపోయింది. అక్కడ కట్టు కట్టే చోట పందిరి కింద పొడుగాటి వరుస, ఎవరికి కాలు, ఎవరికి చెయ్యి, నూరిన ఆకుపసరూ కోడిగుడ్డు సొనా కలిసిన పచ్చివాసన. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి అమ్మ నీళ్ళకు పోయింది. అంతలో రోడ్డు మీద జీపు ఆగింది, పదిమంది వెంట రాగా తెల్లచొక్కాలో నాయన దిగాడు.

నా కోసమే వచ్చాడనుకున్నాను. నొప్పి అంతా మరిచిపోయాను.

ఆయన వచ్చింది కాలు విరిగిన కార్యకర్తను చూసేదానికి. వచ్చినవాడు వచ్చినట్టే వరుసలో కూర్చున్న అందరికీ దండం పెడుతూ, ఒక్కొక్కరినీ పలకరిస్తూ నా ముందుకొచ్చాడు. దుమ్ముకొట్టుకుపోయిన మొహం, చెదిరిన జడలు, మెడకు వేలాడే చెయ్యి. నా తల నిమిరి, "యాడ పడితివి పాపా? ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపలే పక్కనున్న ముసలాయన వైపు తిరిగాడు.

"నాయనా" అన్నాను.

తిరిగి చూశాడు. వెంట ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు, కానీ మొహంలో నెత్తురు లేదు. నా పక్కన కూలబడి, అమ్మ వచ్చి నిలబడినా లేవలేదు. కట్టు కట్టేటప్పుడు నేను అరుస్తుంటే నా రెండో చెయ్యి పట్టుకునే ఉన్నాడు. కట్టు అయిపోయినాక మమ్మల్ని బస్సెక్కించి, మళ్ళీ జీపులో ఎటో వెళ్ళిపోయాడు.

మరుసటి ఏడు మళ్ళీ ఎలక్షన్లు. నామినేషనుకు ముందు అందరం కాణిపాకం పోయాము. వినాయకుడి ముందు నాయన, అమ్మ, అవ్వ కళ్ళు మూసుకుని గెలుపు కోరుకున్నారు. నేనూ కళ్ళు మూసుకున్నాను. "స్వామీ, మా నాయన ఓడిపోవాల" అని మొక్కుకున్నాను. ఓడిపోతే ఇంట్లోనే ఉంటాడు కదా అని నా లెక్క.

ఓట్లు లెక్కపెట్టే రోజు మా ఇంటి ముందు టపాకాయల పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. మధ్యాహ్నానికి చిత్తూరు నుంచి జీపు వచ్చింది. మైకు లేదు, కేకలు లేవు. డ్రైవరు మునస్వామి తలపాగా విప్పి చేతిలో పట్టుకుని దిగాడు. నాయన నేరుగా బావి దగ్గరికి పోయి, చొక్కాతోనే నెత్తిన నీళ్ళు పోసుకున్నాడు. అమ్మ తువ్వాలు పట్టుకుని పోయింది కానీ ఇవ్వకుండా అట్లే నిలబడింది. నేను తలుపు వెనకనుంచి బయటికి రాలేదు.

వారం లోపల ఇల్లు ఖాళీ అయింది. మునస్వామి కొత్త ఎమ్మెల్యే జీపుకు పోయాడు. పోయేముందు అమ్మ కాళ్ళకు మొక్కి, "పిల్లోళ్ళు గలోణ్ణి అక్కా" అన్నాడు. అమ్మకు చెయ్యి అలవాటు తప్పక ఎప్పటిలా పెద్ద కుండలో సంగటి చేసి, మిగిలింది బర్రెల కుడితిలో కలిపేది. నేను అనుకున్నట్టే నాయన ఇంట్లోనే ఉన్నాడు. కానీ నాతో లేడు. తెల్లవారకముందే స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తిన్నె మీద కూర్చునేవాడు. రోడ్డు మీద జీపు చప్పుడైతే చెయ్యి సగం లేచేది. జీపు ఆగేది కాదు. లేచిన చేతితోనే తల దువ్వుకునేవాడు. రామక్క కూడా రోడ్డుకు అవతలి గట్టున, అటువైపు చూస్తూ నడిచిపోయేది. ఆయన కంట పడకుండా నేను పెరటి దారిన బడికి పోయేదాన్ని.

ఒకరోజు ఉన్నట్టుండి, "చంద్రగిరి కోట సూస్తావా?" అన్నాడు. అంతవరకు నాయనతో నేను ఒక్కదాన్నే ఎక్కడికీ పోలేదు. బస్సెక్కాము. ఆయన అలవాటుగా ముందు సీటు వైపు పోయాడు. దాని పైన రేకు మీద 'శాసనసభ్యులకు' అని రాసి ఉంది. ఒక చెయ్యి సీటు మీద వేసి ఆగిపోయాడు. కండక్టరు చూశాడు. "కూసోన్నా, ఏం కాదు" అన్నాడు మెల్లగా. "వద్దులేప్పా, ఇప్పుడది నాది కాదు" అని నాయన వెనక్కి వచ్చి, చంద్రగిరిదాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన పంచె అంచు పట్టుకుని నిలబడ్డాను. దారిలో, "నీ సావాసగత్తెల పేర్లు చెప్పు సూస్తాం" అన్నాడు. చెప్పడానికి నాకు ఒక్క పేరూ లేదు. ఆయనకు అర్థమైంది, మళ్ళీ అడగలేదు.

రాజమహలు నీడలో కూర్చుని ఉడకేసిన చెనిక్కాయలు తింటున్నప్పుడు ఇంక దాచుకోలేకపోయాను.

"నాయనా, నువ్వు ఓడిపోవల్లని కాణిపాకంలో నేనే మొక్కుకుంటి."

ఆయన ఒలుస్తున్న కాయ ఒలుస్తూనే ఉన్నాడు. గింజలు నా చేతిలో పెట్టాడు. "నీకు ఓటుండింటే నాకు ఏసుండవా?" అన్నాడు. కోపంగా కాదు. తిన్నె మీద కూర్చునేవాళ్ళు ఆయన్ను ఏదన్నా అడిగేటప్పుడు ఎట్లా అడిగేవాళ్ళో, అట్లా అడిగాడు. నేను ఏడ్చాను. నా కళ్ళు తుడిచి, "ఒకరి మొక్కుతో ఓడిపోరులేమ్మా, నేను సేసుకునిందే" అన్నాడు. సాయంత్రం బస్సులో నా భుజానికి తల ఆనించి నిద్రపోయాడు. ఆయన అట్లా నిద్రపోవడం నేను ఎన్నడూ చూడలేదు. మా ఊరు వచ్చినా లేపబుద్ధి కాలేదు.

పదేళ్ళ తర్వాత ఆయన ఏ పార్టీ టికెట్టూ లేకుండా ఇంకొకసారి నిలబడ్డాడు. అప్పటికి నాకు పెళ్ళయింది, ఓటు వచ్చింది, అది తిరుపతిలో ఉంది. నాయనకు ఓటేసే అవకాశం నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆయన మళ్ళీ ఓడిపోయాడు, ఆ పై ఏడే పోయాడు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా తిన్నె పోయింది, తర్వాత ఇల్లూ పోయింది. ఆ చోట ఇప్పుడు టైర్ల షాపు ఉంది. గోడల మీద సున్నం రాతలు లేవు, పొద్దున్నే ఎవరి వాకిట్లోనూ జనం కూర్చోరు, నాయకులు ఫ్లెక్సీల మీది నుంచే దండం పెడతారు. ఎలక్షన్ల రోజు నేను మాత్రం అందరికంటే ముందు పోయి వరుసలో నిలబడతాను. లోపలికి పోయి అట్టపెట్టె చాటున నిలబడి, మిషను మీది పేర్లన్నీ పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా చదువుతాను. వాళ్ళలో ఒక్కరినీ నేను ఎదురుగా చూసి ఎరగను. నేనెవరో వాళ్ళకూ తెలియదు. ఏదో ఒక మీట నొక్కి, వేలి మీద సిరా ఆరేదాకా బయట మెట్ల మీద కూర్చుని, ఇంటికొస్తాను.