మాస్టారి బొటనవేలు

మా డ్రాయింగు మాస్టారి బొటనవేలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ బొమ్మ చూపించినా అందులో ఒకదాన్ని వేలితో మూసేసి, "ఇప్పుడేటి పోనాది, సెప్పు?" అనేవారు. ఏమీ పోలేదంటే దాన్ని అక్కడికక్కడే చెరిపించేవారు.

నౌపడ ఉప్పుమడులను మూడు రోజులు కూర్చుని వేసి పట్టుకెళ్ళాను. కొంగల్ని మూశారు, రైలును మూశారు, ఎంతో ముచ్చటపడి దిద్దిన ఎర్ర సూర్యుణ్ణీ మూశారు. ప్రతిసారీ నిజమే చెప్పాల్సి వచ్చింది. "ఏటీ పోనేదు మాస్టారూ."

ఉప్పు పోగుచేస్తున్న మా అమ్మను మూయబోతే మాత్రం ఆయన చెయ్యి పట్టేసుకున్నాను.

"అమ్మయితే పోతాదన్నమాట! మరి అంత సిన్నగా ఓ మూలకెందుకు తోసీసినావురా?"

ఉక్రోషంతో ఏడుపొచ్చింది. బొమ్మ బాగుందని మాత్రం ఆయన ఒక్కనాడూ అనలేదు.

మాస్టారు పోయారని తెలిసి, నిన్న మా పాత క్లాసు ఫోటో బయటికి తీశాను. ఆయన ఓ చివర సగమే పడ్డారు. కోపంగానే బొటనవేలితో ఆయన్ని మూశాను.

పిల్లలందరం కెమెరాను వదిలేసి నా వేలి వైపే చూస్తున్నాం.