కంప్యూటర్‌లో పట్టని బస్సులు

నరసరావుపేట బస్టాండులో ఎంక్వయిరీ గుమాస్తా దావూద్‌ని అడగకుండా బస్సెక్కేవాళ్ళు తక్కువ. బోర్డు చదువుకున్నవాళ్ళు కూడా, ఎందుకైనా మంచిదని కిటికీ దగ్గరకొచ్చి "మాచర్ల బస్సు ఇదేనా అన్నా?" అని ఒకమాట అడిగి పోయేవాళ్ళు. దావూద్ విసుక్కునేవాడు కాదు. పదమూడేళ్ళుగా అదే కుర్చీ. ఏ బస్సు ఎన్నింటికో, ఏ ఊళ్ళ మీదుగా పోతుందో కాయితం చూడకుండా చెప్పేవాడు. "సత్తెనపల్లి, క్రోసూరు, అచ్చంపేటా!" అని అరిచాడంటే, మైకు లేకపోయినా, రోడ్డవతల సోడా తాగుతున్నవాళ్ళు కూడా గ్లాసు కిందపెట్టి పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

1986 ఎండాకాలంలో ఆ గొంతు కాస్తా పోయింది. ఒకరోజు పొద్దున పిడుగురాళ్ళ బస్సుకి అరవబోయి "పిడుగు" వరకూ అన్నాడు, "రాళ్ళ" బయటికి రాలేదు. డాక్టరు నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూసి, నెలరోజులు మాటలు కట్టిపెట్టమన్నాడు. దావూద్ సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు.

ఊరికే కూర్చోవటం అతనికి చేతకాదు. ఏం కావాలన్నా గుసగుసగా అడిగేవాడు. భార్య కుల్సుం కూడా తెలియకుండానే గుసగుసగా జవాబు చెప్పేది. పక్కింటివాళ్ళు, ఈ మొగుడూ పెళ్ళాలు ఏం రహస్యాలు మాట్లాడుకుంటున్నారోనని చెవులు రిక్కించేవాళ్ళు.

సరిగ్గా అప్పుడే అతని కన్ను అటక మీది అట్టపెట్టె మీద పడింది. అందులో కంప్యూటరుంది. కుల్సుం తమ్ముడు ఫరీద్ కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరు. షేకు పిల్లలు ఆడుకుని మొహం మొత్తి వదిలేసిన కంప్యూటర్ని అతను కిందటేడు సెలవుకొచ్చినప్పుడు తెచ్చి, "బావా, నీకు పనికొస్తది" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఎలా పనికొస్తుందో చెప్పలేదు. చూస్తే అంతా కలిపి ఒక పలక మందాన ఉంటుంది. నల్లటి రేకు మీద రబ్బరు మీటలు. దాన్ని టీవీకి తగిలిస్తే అక్షరాలు కనిపిస్తాయి. టేప్‌రికార్డరుకి తగిలిస్తే మనం కొట్టింది క్యాసెట్టులో దాచుకోవచ్చు. వెంట ఒక ఇంగ్లీషు పుస్తకం కూడా ఉంది.

దావూద్ ఆ పుస్తకం ముందేసుకుని, అర్థంకానిది రెండుసార్లు చదివి, రెండు వారాల్లో ప్రోగ్రాము రాయటం నేర్చుకున్నాడు. అతని ఆలోచన ఒక్కటే. తన బుర్రలో ఉన్న బస్సులన్నీ దీని బుర్రలోకి ఎక్కించాలి. ఊరి పేరు కొడితే తరవాతి బస్సు ఎన్నింటికో అదే చెప్పాలి. ఇక తన గొంతుతో పని ఉండదు.

రోజుకి పది పన్నెండు బస్సుల చొప్పున ఎక్కించుకుంటూ పోయాడు. మొత్తం నూట అరవై సర్వీసులు. ఎనభై ఎనిమిదో బస్సు, మధ్యాహ్నం రెండుంబావు గురజాల, ఎక్కించి రన్ కొట్టాడు. టీవీ అడుగున చిన్న అక్షరాలతో "అవుటాఫ్ మెమరీ" అని ఇంగ్లీషులో పడింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే.

"ఏందంట?" అని అడిగింది కుల్సుం.

"ఇంక పట్టదంట," అన్నాడు దావూద్, గుసగుసగా.

ఎండకి వేడెక్కిందేమోనని ఫ్యాను దానివైపు తిప్పి, తాను చెమటలు కక్కుతూ గంట ఆగాడు. చల్లబడ్డాక కూడా అదే మాట అంది. చివరికి దాన్ని తువ్వాలులో చుట్టుకుని రేడియో మెకానిక్ షబ్బీర్ కొట్టుకి పట్టుకెళ్ళాడు. షబ్బీర్ మరలు విప్పి, లోపలి చిప్పుల కాళ్ళకి ఒక్కొక్కదానికీ మీటరు తాకించి చూసి, మళ్ళీ మరలు బిగించాడు.

"దీనికేం రోగం లేదు భాయ్. పొట్ట నిండింది, అంతే. దీని మెమరీ మొత్తం పదహారు కె, అంటే పదహారు వేల అక్షరాలు పట్టేంత. తెర మీద బొమ్మ చూపించటానికే అందులో ఏడు దాకా పోద్ది. మిగిలిన తొమ్మిదిలోనే నీ బస్సులన్నీ దూరాలి."

"పెంచటానికి లేదా?"

"మద్రాసులో ఎవరన్నా పెంచుతారేమో. నేనైతే చెయ్యి పెట్టను. ఉన్నదాంట్లోనే సర్దుకో."

దావూద్ సర్దటం మొదలుపెట్టాడు. ప్రోగ్రాము మొదట్లో చుక్కల గీతలు గీసి, నడుమ తన పేరు, దానికింద "ప్రయాణికులకు స్వాగతం" అని ఇంగ్లీషులో ముచ్చటపడి రాసుకున్నాడు. అవన్నీ తీసేశాడు. ఎక్కడికక్కడ తనకు గుర్తుండటానికి రాసుకున్న మాటలు కూడా తీసేశాడు. పన్నెండు బస్సులకి చోటు దొరికింది. తరవాత ఊళ్ళ పేర్లు కురచ చేశాడు. అచ్చంపేటకి మూడే ఇంగ్లీషు అక్షరాలు మిగిలాయి.

కుల్సుం తెర మీద చూసి కూడబలుక్కుని చదివింది. "ఆచ్. ఏందిది, తుమ్మినట్టు?"

అది కూడా చాలలేదు. ఇక చిన్న చిన్న ఊళ్ళను ఎత్తెయ్యటానికి దిగాడు. ఆ ఎత్తేసినవాటిలో కుల్సుం పుట్టిల్లు ధరణికోట కూడా ఉంది. ఆ సంగతి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాడు.

"మా ఊరు తీసేశారా!" ఇన్ని రోజుల్లో ఆ ఇంట్లో మొదటిసారి గట్టిగా వినపడిన మాట అది.

"పక్కనే అమరావతి ఉందిగా. అక్కడ దిగి నడిస్తే..."

"మీ అత్తని నడవమని చెప్పండి, వచ్చినప్పుడు."

ఆ పూట అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. దావూద్‌కి ఎటూ మాట్లాడే పని లేదు గనక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. చేయి కడుక్కుని మళ్ళీ యంత్రం ముందు కూర్చుని, ధరణికోటని తిరిగి పెట్టాడు. తెర మీద మళ్ళీ అదే మెమరీ గోల.

కుల్సుం చాటలో బియ్యం వేసుకుని వచ్చి అతని వెనకే కూర్చుంది. రాళ్ళు ఏరుతూనే టీవీ వంక చూస్తోంది. వరసలు ఒక్కొక్కటే పైకి జరుగుతున్నాయి. కాసేపటికి అలక పక్కనపెట్టి అడిగింది.

"ఇందాకటి నుంచీ చూస్తన్నా. సత్తెనపల్లి ఎన్నిసార్లు రాశారు?"

దావూద్ లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

"ఎందుకన్నిసార్లు?"

"నలభై ఒక్క బస్సులు పోతాయి కాబట్టి."

"బస్సులు నలభై పోతే పోనీండి. రోడ్డు ఒకటేగా! ఆ రోడ్డు మీది ఊళ్ళు ఒకసారి రాసుకుంటే చాలదా? బస్సు మారినప్పుడల్లా ఊళ్ళు మారతయ్యా?"

దావూద్ చేతులు మీటల మీదే ఆగిపోయాయి. పదమూడేళ్ళుగా అతను బస్సులే చూశాడు. రోడ్డు సంగతే తట్టలేదు. నరసరావుపేట నుంచి ఎన్ని సర్వీసులు కదిలినా, వెళ్ళే దారులు ఏడే. మాచర్ల దారిలో పిడుగురాళ్ళ, గురజాల, రెంటచింతల. గుంటూరు దారిలో ఫిరంగిపురం. దారికి ఒక అంకె ఇచ్చి, ఊళ్ళు ఒక్కసారి రాసి పెట్టుకుంటే, బస్సుకి రాయాల్సింది దారి అంకె, బయల్దేరే టైము, ఎందాకా పోతుందో ఆ ఊరి అంకె. అంతే.

"చానా తెలివే నీది," అన్నాడు. సంతోషం పట్టలేక డాక్టరు మాట మరిచి పెద్దగానే అన్నాడు.

మూడు రోజులు కూర్చుని అంతా తిరగరాశాడు. ఈసారి పేర్లు నిండుగా రాశాడు. నూట అరవై సర్వీసులూ, ధరణికోటతో సహా, ఎక్కాయి. రన్ కొడితే తెర కిక్కురుమనలేదు.

సెలవు ముగిసిన రోజున టీవీ, టేప్‌రికార్డరు, కంప్యూటరు రిక్షాలో వేసుకుని బస్టాండుకి వెళ్ళాడు. డిపో మేనేజరు వింతగా చూసి, ఒకరోజు పెట్టుకోమన్నాడు. కిటికీ ముందు పెట్టేసరికి బస్టాండంతా అక్కడే పోగయింది. "నా ఊరు కొట్టు", "మా అత్తారి ఊరు కొట్టు" అని ఎగబడ్డారు. అక్షరాలు ఇంగ్లీషువి కావటంతో ప్రతి జవాబూ దావూదే, అప్పుడప్పుడే తిరిగొచ్చిన గొంతుతో, చదివి చెప్పాల్సివచ్చింది. అదీ కాక, టీవీ చూస్తూ నిలబడ్డవాళ్ళు ఎక్కక, పదకొండున్నర అచ్చంపేట బస్సు సగం ఖాళీగా వెళ్ళిపోయింది. కండక్టరు వచ్చి మేనేజరుతో మొత్తుకున్నాడు.

"తీసెయ్ దావూద్," అన్నాడు మేనేజరు నవ్వుతూ. అని, బల్ల మీదున్న కాయితం చేతిలోకి తీసుకున్నాడు. దావూద్ రాసుకున్న ఏడు దారుల లెక్క అది. ఊళ్ళు వరసగా పైన, టైములు కింద. కాసేపు పరీక్షగా చూశాడు. "ఇదేందయ్యా, ఇంత తేలిగ్గా ఉంది? ఇది గోడ మీద రాయించు."

గోడల మీద సినిమా ప్రకటనలు రాసే ఏసోబు వచ్చి, నిచ్చెన వేసుకుని రెండు రోజుల్లో రాశాడు. దారికో రంగు, తెలుగులో, అరచేయంత అక్షరాలు. రాస్తుండగానే జనం కింద నిలబడి చదవటం మొదలుపెట్టారు. చదవటం రానివాళ్ళు కూడా మూడోనాటికల్లా తమ రోడ్డు రంగు పట్టేశారు. "పచ్చరంగులో తరవాతి బస్సు ఎప్పుడు?" అని అడిగేవాళ్ళు.

కిటికీ దగ్గర రద్దీ సగానికి తగ్గింది. దావూద్‌కి మధ్యాహ్నం పూట ప్రశాంతంగా టీ తాగే వీలు చిక్కింది. అలా తాగుతుండగా ఒకరోజు, భుజాన సంచీతో ఒక పెద్దాయన వచ్చి కిటికీలోకి తొంగిచూశాడు.

"బస్సులు గోడ మీద చూశాలే. మరి రైలు ఎన్నింటికి బాబూ?"

దావూద్‌కి రైళ్ళు తెలియవు. ఆ సాయంత్రం స్టేషనుకి వెళ్ళి టైములన్నీ రాసుకొచ్చి, టీవీ ముందు కూర్చుని కుల్సుంని కేకేశాడు.

"ఏమే, ఇట్టారా. ఇంకా కొంచెం చోటుంది దీంట్లో."