నాన్న గొంతుకు తాళం

లింబే పట్నంలో బజారు వెనక సందులో వైసన్ నకుమ్వా చెయ్యి పడని ఫోను లేదు. పదకొండేళ్లుగా అతను చేసిన పని ఒక్కటే. ఎవరో కష్టపడి చేసిన పాటలూ, ఆటలూ, యాప్‌లూ కొనే పని లేకుండా జనం ఫోన్లలోకి ఎక్కించడం. డబ్బు కట్టి కొనాల్సిన యాప్‌కు తాళం ఉంటే దాన్ని ఊడబీకడంలో చెయ్యి తిరిగినవాడు. "వాడికి తిండి ఎక్కువై వేశాడు, మనం ఆకలై తీశాం" అనేవాడు, మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్దను ఎండుచేపల పులుసులో అద్దుకుంటూ. పోలీసులు కూడా అతని దగ్గరే ఎక్కించుకునేవారు. ఇక దాన్ని దొంగతనం అనే మగాడెవడు?

అలాంటివాడు ఒకనాడు సొంతంగా యాప్ చేశాడు. అంతే, మనిషి మారిపోయాడు.

దానికి కారణం తండ్రి. హెజెకియా నకుమ్వా ముప్పైయేళ్లుగా చర్చి గాయకబృందానికి మాస్టారు. ఆడవాళ్ల రెండు గొంతులు, మగవాళ్ల రెండు గొంతులు, నాలుగూ ఆయనే పాడి నేర్పేవాడు. గొంతులో గడ్డ ఉంది, ఆపరేషన్ చేస్తే మాట మిగలదని డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషన్‌కు నెల గడువుంది. ఆ నెల రోజులూ వైసన్ కొట్టు వెనక గదిలో గోడలకు దుప్పట్లు కట్టి, తండ్రి చేత నలభై కీర్తనలు నాలుగు గొంతుల్లోనూ పాడించి, రికార్డు చేసి యాప్‌లో పెట్టాడు. ముసలాయన ఆడగొంతు పెట్టి పాడుతుంటే బయట టమాటాలమ్మేవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ప్రతి పాటకు ముందూ ఆయన అలవాటు కొద్దీ గొంతు సవరించుకుని, "బాస్‌లూ, నిద్ర లేవండి!" అని అదిలించేవాడు. ఆ అదిలింపు మొదట పుట్టింది, వెనక వరసలో బాస్ అనే అడుగు గొంతుల మధ్య నిలబడి కునుకు తీసే కొడుకు కోసమే. వైసన్ దాన్ని తీసేయలేదు.

ఆపరేషన్ అయింది, మాట పోయింది. మాస్టారి చేతికి పలక వచ్చింది. ఆ గొంతు లోకంలో మిగిలిందల్లా యాప్‌లోనే.

"మా నాన్న గొంతు ఊరి మీద చిల్లర సామానులా తిరగకూడదు. కొన్నవాడే వినాలి" అన్నాడు వైసన్. ఈ మాట అన్నది ఎవరో మళ్లీ ఒకసారి గుర్తు చేసుకోండి! తాను విప్పిన తాళాలన్నీ తలుచుకుని, తానే విప్పలేని తాళం వేశాడు. ఏ సిమ్‌తో కొన్నారో ఆ నంబరుకే యాప్‌ను కట్టేశాడు. సిమ్ మారిందా, తెర మీద ఎర్రటి అక్షరాలు: "ఇది దొంగిలించిన పాట. దేవుడు చూస్తున్నాడు." మళ్లీ తెరవాలంటే కోడ్ కావాలి. ఆ కోడ్‌లు అతని కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఎవరినీ నమ్మలేదు మరి.

ఇంతకీ లింబేలో ఒక్క సిమ్‌తో బతికేవాడెవడు? పొద్దున కబుర్లకు ఒకటి, మధ్యాహ్నం ఇంటర్నెట్‌కు ఇంకొకటి, అత్తగారి ఊరికి మూడోది. ఆడవాళ్లు తలగుడ్డ ముడిలో, మగవాళ్లు ఫోను తొడుగులో దాచుకుని రోజుకు మూడుసార్లు మారుస్తారు. ఆ సిమ్‌లు అమ్మిందీ వైసనే, ఆ కిటుకు నేర్పిందీ వైసనే. అయినా తాళం వేసేటప్పుడు మాత్రం ఆ సంగతి బుర్రకెక్కలేదు.

గాయకబృందం కార్యదర్శి చిముటు పెద్దాయన అందరికంటే ముందు, నిజాయితీగా కొన్నాడు. ఆదివారం చర్చిలో అందరి ముందూ ఫోను పైకెత్తి నొక్కాడు. ఎర్రక్షరాలు వచ్చాయి. సోమవారం తెల్లారకముందే కొట్టు మీద పడ్డాడు.

"ఏమయ్యా, డబ్బిచ్చి కొన్న పెద్దమనిషిని దేవుడి ముందు దొంగను చేస్తావా? పాస్టరుగారి భార్య ముసిముసిగా నవ్వింది!"

"సిమ్ మార్చారా పెద్దయ్యా?"

"మార్చకుండా ఎవడుంటాడు? నువ్వుంటావా?"

వైసన్ కొత్త కోడ్ ఇచ్చాడు. పెద్దాయన మర్నాడు మళ్లీ వచ్చాడు. మూడోరోజు మాత్రం ఎదురు కొట్టుకు వెళ్లాడు.

ఎదురు కొట్టు ఫైనెస్‌ది. నాలుగేళ్లు వైసన్ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల. తాళాన్ని మూడు రోజుల్లో ఊడబీకింది. ఆ కాపీ కోడ్ అడగదు, దేవుడి పేరు చెప్పి బెదిరించదు, ఏ సిమ్ వేసినా పాడుతుంది. వైసన్ సందు దాటి వెళ్లి విరుచుకుపడ్డాడు.

"సిగ్గుందా నీకు? అది మా నాన్న గొంతే!"

"తెలుసన్నా. అందుకే ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు. తాళమొక్కటే తీశాను."

"ఎవరు నేర్పారే నీకీ బుద్ధి?"

"ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చోబెట్టి నువ్వే నేర్పావు. మరిచిపోయావా?"

సందంతా గొల్లుమంది. వైసన్ ఆ రోజు నుంచి చర్చిలో పాడటం మానేశాడు. కొట్టుకు "కాపీ చేయడం పాపం" అని బోర్డు పెట్టి, దాని కిందే కూర్చుని పైవాళ్ల యాప్‌లు యథాప్రకారం ఎక్కించాడు.

కాపీ మాత్రం ఫోను నుంచి ఫోనుకు పాకి, తేయాకు తోటలు దాటి ములాంజే కొండ దాకా పోయింది. మాస్టారు పలక మీద రాశాడు: "ములాంజేలో కూడా పాడుతున్నారట."

"దొంగ కాపీతో నాన్నా!" అని మండిపడ్డాడు కొడుకు.

ముసలాయన పలక తుడిచి మళ్లీ రాశాడు: "బాస్ సరిగ్గా వస్తోందా?"

జనవరి వానలకు కొట్టు రేకు కారి కంప్యూటర్ నీళ్లలో నానింది. పాడించిన పాటలు, కోడ్‌లు, అన్నీ పోయాయి. "నా ఫోన్లో ఉందిగా" అనుకుని వైసన్ నిబ్బరంగా ఉన్నాడు. మూడు నెలలు రీచార్జి చేయకపోతే నంబరు పోతుందని రోజుకు పదిమందికి చెప్పేవాడు. తన యాప్‌ను కట్టేసిన సిమ్ అప్పటికి ఆరు నెలలుగా పర్సులో పడి ఉంది.

మార్చిలో మాస్టారు పోయాడు.

సమాధి దగ్గర గాయకబృందం నిలబడింది గానీ నోరు పెగల్లేదు. ముప్పైయేళ్లుగా ఆయన అదిలిస్తేనే ఎత్తుకున్నవాళ్లు.

"వైసన్, మాస్టారి గొంతు పెట్టు నాయనా" అన్నాడు చిముటు.

వైసన్ ఫోను తీశాడు. నిజమైన యాప్, అసలుసిసలుది, ఊళ్లో తన ఒక్కడి దగ్గరే ఉంది. నొక్కాడు.

"ఇది దొంగిలించిన పాట. దేవుడు చూస్తున్నాడు."

చిముటు పక్కనుంచి చదివాడు. "సిమ్ మార్చావా నాయనా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు, పాపం.

వైసన్ పర్సులోని పాత సిమ్ వేశాడు. నంబరు చచ్చిపోయింది. కోడ్ ఇచ్చే కంప్యూటరూ లేదు. శవపేటిక ఇంకా గుంటలోకి దిగనేలేదు, నాన్నను నేనే ముందు పూడ్చేశాను అనుకున్నాడు.

చుట్టూ ముప్పై రెండు మంది. ముప్పై రెండు జేబుల్లోనూ ఆ గొంతు ఉంది. ఒక్కరూ జేబులో చెయ్యి పెట్టలేదు. కన్నకొడుకు ముందు దొంగ సరుకు బయటికి తీయడానికి అందరికీ మొహమాటం అడ్డొచ్చింది.

"ఎవరి దగ్గరైనా... ఉందా?" అన్నాడు వైసన్, నేల చూస్తూ.

ఆడవాళ్ల గుంపులోంచి ఫైనెస్ వచ్చింది. "నీ ఫోను ఇలా పట్టుకో అన్నా. మాస్టారు నీ చేతిలోనే పలకాలి" అంది. తన ఫోనును దాని పక్కన పెట్టి కాపీని పంపింది.

వైసన్ ఫోను ఆగి అడిగింది: "ఇది తెలియని చోటు నుంచి వచ్చింది. నమ్మదగినది కాకపోవచ్చు. ఎక్కించమంటారా?"

అతను ఎక్కించమన్నాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "బాస్‌లూ, నిద్ర లేవండి!"

వైసన్ వెళ్లి వెనక వరసలో నిలబడ్డాడు.