చెమట పట్టిన లేజర్ గన్

బేబీరాణి పుట్టింది వండూర్ అనే దీవి ఊళ్లో. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, పడవలు కట్టే షెడ్డులో రంగులు వేయడానికి చేరింది. పక్కన వెల్డర్లను చూసి చూసి తనే పని పట్టుకుంది. నలభై ఏళ్లొచ్చేసరికి ఆ షెడ్డులో అల్యూమినియం పనంతా ఆమెదే.

అల్యూమినియం మహా పెంకిది. మామూలు వెల్డింగ్ వేడికి పల్చటి రేకు వంకరపోతుంది. దాన్ని సుత్తితో కొట్టి సరిచేయడానికే సగం రోజు పోయేది. అందుకే షెడ్డు నడిపే వీరేంద్ర చెన్నై నుంచి ఓడ మీద రెండు కిలోవాట్ల ఫైబర్ లేజర్ మిషన్ తెప్పించాడు. మెరిసే లోహం కిరణాన్ని వెనక్కి తిప్పికొట్టి పాతరకం లేజర్ మిషన్లను పాడుచేసేదట. దీనికి ఆ భయం లేదన్నారు. సన్నటి గాజు తీగలోంచి చేతిలోని గన్‌లోకి కిరణం వస్తుంది. అది కంటికి కనబడదు గాని కళ్లు తీసేయగలదు. అందుకని ప్రత్యేకమైన కళ్లద్దాలు, చుట్టూ తెరలు.

మొదటి రోజు అతుకు గీత గీసినట్టు వచ్చింది. రెండో రోజు గన్‌లో లెన్సు మాడిపోయింది. వారంలో మూడు పోయాయి.

"లెన్సు మార్చేటప్పుడు మురికి చేతులు పెడుతున్నారు మేడమ్," అన్నాడు ఫోన్లో చెన్నై ఇంజినీరు. బేబీరాణి మొహం మాడిపోయింది.

"దీదీ, ఇంకొక్కటే మిగిలింది. టూరిస్టుల సీజన్ లోపు రెండు పడవలివ్వాలి. పాత పద్ధతిలోనే కానిచ్చేద్దామా?" అన్నాడు వీరేంద్ర.

"ఒక్కరోజు ఆగు భయ్యా. ఏటవుతోందో చూడనీ."

ఆమె కిరణం వెలిగించకుండా, గన్‌ని చల్లబరిచే నీళ్ల మోటారు మాత్రం వేసి ఎదురుగా కూర్చుంది. బయట ముసురు. ఇరవై నిమిషాలకు గన్ మెడ మీద నీటి చుక్కలు పేరుకున్నాయి. నాన్న పడవలో ఐసు పెట్టె కూడా బయట ఇలాగే చెమర్చేది.

వెంటనే ఇంజినీరుకి ఫోన్ చేసింది. "సార్, నీళ్లు ఇరవై రెండు డిగ్రీల్లో పెట్టమన్నారు. మా గాలి నిండా చెమ్మే. బయట చెమట పడితే లోపల లెన్సుకీ పట్టదా? దాని మీద కిరణం పడితే మాడదా?"

"కనుక్కుని చెప్తాను," అన్నాడు. గంట తర్వాత అతనే చేశాడు. "నీళ్లు ఇరవై తొమ్మిది దాకా పెంచొచ్చు మేడమ్, అంత చల్లగా లేకపోతే చెమ్మ పట్టదు. నేను చేతుల గురించి అన్నది తప్పే."

"సరే సార్," అని పెట్టేసింది. ఆ పూట భోజనం మాత్రం తృప్తిగా తింది.

మర్నాడు నీళ్లు ఇరవై తొమ్మిదిలో పెట్టి గంటసేపు తిప్పింది. గన్ పొడిగానే ఉంది. ఆఖరి లెన్సు బిగించి పని మొదలుపెట్టింది. అది రెండు పడవలూ పూర్తయ్యేదాకా నిలిచింది. నీళ్లు నింపి చూస్తే రెండో పడవలో ఒక మూల సూదిమొనంత కారింది. అది మిషన్ తప్పు కాదు, అక్కడ ఆమే చెయ్యి తొందరగా లాగేసింది. ఆ అతుకు కోసేసి మళ్లీ వేసింది.

సీజన్ మొదలైన రోజు వండూర్ జెట్టీ నుంచి మొదటి పడవ బయల్దేరుతుంటే వీరేంద్ర కేకేశాడు. "దీదీ, ఎక్కు!"

ఇరవై ఏళ్లుగా పడవలు అతికినా, వాటిలో ఒక్కదాంట్లోనూ షికారుకి వెళ్లలేదు ఆమె. ఆ రోజు పని ఎగ్గొట్టి, టూరిస్టుల మధ్య కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చుంది.