పెద్దమ్మ గొంతు కోసం కొన్న పెట్టె

మా పెదనాన్న పోయాడు. మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, పొద్దున్నే కల్లంలో కాయలు తిరగేయించి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, వరండాలో కుర్చీలో కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. మా తమ్ముడు ఫోన్ చేసి చెబితే నాకు ముందు కోపం వచ్చింది. క్రితం రోజు సాయంత్రమే కదా, "అమ్మాయ్, ఈసారి వచ్చేటప్పుడు ఆ రౌటరు సంగతి చూడు, గేదెల దగ్గరికి సిగ్నలు అందట్లా" అన్నాడు! అంత పని పురమాయించి మర్నాడే ఎవరైనా వెళ్ళిపోతారా? ఏడుస్తూ రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆయన్ని తలుచుకుంటే ఏడుపుకంటే ముందు నవ్వొస్తోంది. దాన్ని ఆపడం నావల్ల కాదు, ఇలాగే రాస్తాను.

పెదనాన్నది చిలకలూరిపేట దగ్గర పల్లె. మిరప, పత్తి ఆయన లోకం. నేను గుంటూరులో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. మామూలుగా అయితే మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి పండగ పిండివంటలు తప్ప ఏముంటాయి? కానీ ఆయన చివరి ఏళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్నన్ని కబుర్లు నేను మా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. కారణం మా పెద్దమ్మ గొంతు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. పెద్దమ్మ చేను ఈ గట్టున నిలబడి "ఏవయ్యోవ్" అంటే ఆ గట్టున పెదనాన్న ఒక్కడే కాదు, పక్క చేలో మగవాళ్ళంతా తలెత్తి చూసేవాళ్ళు. కోతకి వచ్చిన ఆడవాళ్ళని హుషారు చేయాలన్నా, పాలవాడిని దులిపేయాలన్నా ఆవిడకి మైకు అక్కర్లేదు. అలాంటి మనిషికి గొంతులో పుండు పుట్టింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆ తరవాత ఆవిడ ఎవరినైనా పిలవాలంటే చప్పట్లు కొట్టేది, లేదంటే స్టీలు గ్లాసు మీద గరిటెతో మోగించేది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. పెదనాన్న పది మాటలకి ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడు, ఎవరో తనని పిలిచారన్నట్టు.

కొన్నాళ్ళకి ఒకరోజు మధ్యాహ్నం ఆయన గుంటూరులో మా ఇంటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఇది నిండిపోయిందంట. ఏదో ఒకటి తీసెయ్యమంటోంది. వ్యాపారస్తులందర్నీ తీసేశా. ఇంక మీ పెద్దమ్మ ఒక్కతే ఉంది. ఏం చెయ్యమంటావ్?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తరవాత తెలిసింది. మిరప రైతుల్లో చాలామంది ఫోన్లో వచ్చే ప్రతి మాటా దానంతటదే రికార్డయ్యేలా పెట్టుకుంటారు. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి పొద్దున ఒక ధర చెప్పి, సరుకు దిగాక నేనలా అన్లేదే అంటాడని భయం. పెదనాన్న కూడా అలాగే పెట్టుకున్నాడు. వ్యాపారుల మాటలతోపాటు, ఇంటినుంచి పెద్దమ్మ చేసిన ఫోన్లన్నీ ఏళ్ళ తరబడి అందులో చేరిపోయాయి. ఆ సంగతి ఆయనకి ఫోను నిండిందాకా తట్టలేదు. ఒకటి నొక్కి చూశాను. "కరెంటొచ్చింది, మోటారెయ్యి" అని ఒక్క అరుపు. మా వంటింట్లో గిన్నెలు కడుగుతున్న మా అత్తగారు పరుగున వచ్చారు.

పెదనాన్న కళ్ళలో నీళ్ళు. ముఖం మాత్రం లంకెబిందెలు దొరికినవాడిలా వెలిగిపోతోంది. "చూశావా! ఉంది! పోలా!" అన్నాడు.

అంతే, మర్నాడే కంప్యూటర్ల షాపుకి బయల్దేరాం. షాపాయన ముందు ఇంటర్నెట్లో దాచుకునే పద్ధతి చెప్పాడు, నెలనెలా కట్టుకుంటే చాలన్నాడు. పెదనాన్న ఓపిగ్గా విని, "అయ్యా, మా ఆవిడ నా ఇంట్లో ఉండాలి గదండీ" అన్నాడు. షాపాయన బిక్కమొహం వేశాడు. నేను నవ్వాపుకుని, ఇంట్లోనే రౌటరుకి తగిలించుకునే స్టోరేజి పెట్టెలు చూపించమన్నాను. పెట్టెలో డిస్కులుంటాయి, ఇంట్లో అందరి ఫోన్లలోనూ, టీవీలోనూ తీగ లేకుండానే దాంట్లోవి చూడొచ్చు, దాంట్లోకి పంపొచ్చు. ఒక డిస్కు పట్టేది చాల్లే అని నా సలహా. రెండు పట్టేదాంట్లో అయితే ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుందని షాపాయన అన్నాడో లేదో, పెదనాన్న దాని మీద చెయ్యేశాడు.

"రెండో మోటారుంటేనే మొదటి మోటారు కాలినరోజు నిద్ర పడుతుంది. ఇదే కట్టండి."

ఇంట్లో బిగించిన రోజు చూడాలి ఆయన సంబరం! ఫోనులో నొక్కిన ఫోటో టీవీలో పడగానే లేచి గోడ అవతలికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకోటి పంపి, "పడిందా?" అని కేక. పడింది. పెరట్లోకి వెళ్ళి కేక. పడింది. గేదెల దగ్గర్నుంచి మాత్రం పడలేదు, అక్కడ కాస్త చిన్నబుచ్చుకున్నాడు. సాయంత్రానికి చుట్టుపక్కల వాళ్ళందరూ చేరారు. ఎవరో, "ఇంత చిన్న పెట్టెలో ఏం పెట్టావ్ మామా?" అని అడిగితే, "మీ అత్తని" అన్నాడు.

ఆ ఊపులోనే ఒక రికార్డింగు టీవీలో గట్టిగా పెట్టాడు. పెద్దమ్మ తన గొంతు తనే విన్నది. ఒక్క క్షణం నిలబడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆవిడ ముందు పెదనాన్న ఆ పెట్టె ఎన్నడూ మోగించలేదు. పొద్దున్నే కావలసినవి ఫోనులోకి తీసుకుని, చెవుల్లో పెట్టుకుని చేనుకి పోయేవాడు. మొక్కల మధ్య ఒక్కడే నవ్వుకుంటూ తిరుగుతుంటే కూలీలు ఈయనకేమైందోనని అనుకున్నారట. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆవిడ వద్దనుకుంటోంది కదా, ఎందుకింత తాపత్రయం అని.

"దాని గొంతు దానికి అక్కర్లేకపోతే పోనీ. నాకు కావాలి గదా" అన్నాడు.

రికార్డింగులకి పేర్లు కూడా పెట్టుకున్నాడు. ఆవిడ పాలవాడితో, ఆవిడ కోపం, ఆవిడ బాగా కోపం, ఆవిడ ఊరికే. ఆ 'ఊరికే' అన్నదాంట్లో ఎక్కువ ఉండేవి. "ఏం చేస్తన్నావ్?" "ఏం లేదు." "సరే అయితే." అంతే ఆ సంభాషణ. అవంటే ఆయనకి మహా ఇష్టం.

పెట్టె కొన్నప్పుడే ఒక మాట చెప్పాను. రెండు డిస్కులున్నాయని ధీమా వద్దు, పొరపాటున నువ్వే చెరిపేస్తే రెండింట్లోనూ చెరిగిపోతుంది, పిడుగు పడితే రెండూ పోతాయి, ఇంకో నకలు వేరే ఊళ్ళో ఉండాలి అని. "కోతలయ్యాక చూద్దాం" అన్నాడు. రైతుకి ఏది చెప్పినా కోతలయ్యాకే.

ఆ ఏడు పత్తికి ధర లేదని అమ్మకుండా పక్క గదిలో నింపాడు. పత్తిలో ఎలకలు చేరాయి. ఎలకలు వచ్చి పెట్టె తీగ కొరికాయి. ఇంకెవరైనా అయితే బోను పెడతారు. మా పెదనాన్న మిరప రైతు. ఎలకలకి మందు బజార్లో కొనడమేంటని, కొత్తగా పట్టించిన కారం తెచ్చి పెట్టె చుట్టూ కట్ట కట్టినట్టు పోసి, మిగిలింది పెట్టె నెత్తిన కూడా చల్లాడు. పెట్టెకి వెనక ఫ్యాను ఉంటుందని, అది గాలి పీల్చుకుంటుందని ఆయనకి నేను చెప్పలేదు. ఎలక రాలేదు సరే, హాల్లోకి మనిషి కూడా రాలేని పరిస్థితి. పెద్దమ్మ మెడ దగ్గర రంధ్రంతో గాలి పీల్చుకునే మనిషి. ఆ వారం ఒంగోలులో వాళ్ళ చెల్లెలింట్లో ఉండబట్టి బతికిపోయాం.

"అమ్మాయ్, మేమందరం తుమ్ముతున్నాం. పెట్టె మాత్రం కీచుపిట్టలాగా కూస్తోంది" అని ఫోను. రెండు దీపాల్లో ఒకటి ఎర్రగా వెలుగుతోందన్నాడు. ఫ్యాను బిగుసుకుపోయి, లోపల వేడెక్కి, ఒక డిస్కు పోయింది. మిగిలింది ఒక్కటే. దాన్ని ముట్టుకోవద్దని, పెట్టె ఆపేసి, దగ్గరికెవరినీ రానీయవద్దని చెప్పి, కొత్త డిస్కు కొనుక్కుని బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఆ రెండోది కూడా పోతే ఆయనకి నేనేం చెప్పాలి? మనిషి గొంతుకి ఇంకో గొంతు తెచ్చివ్వలేను కదా.

పెట్టె మూత తీస్తే ఫ్యాను రెక్కలు పచ్చడి బండలా ఎర్రగా ఉన్నాయి. ముక్కుకి తువ్వాలు కట్టుకుని కుంచెతో శుభ్రం చేశాను. పెదనాన్న టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టెకి ఎదురుగా పెట్టాడు. కొత్త డిస్కు లోపలికి తోసి, పెట్టె మీట నొక్కాను. బతికున్న డిస్కునుంచి కొత్తదాంట్లోకి ఎక్కడం మొదలైంది. ఎంత ఎక్కిందో నా ల్యాప్‌టాప్‌లో శాతం లెక్కన కనిపిస్తుంది. అది కదలడం చూస్తే నత్త నయం.

పెదనాన్న లైన్‌మన్‌కి ఫోను చేశాడు. "అబ్బాయ్, ఇవాళొక్క రోజు కరెంటు తియ్యబాక. నీకు దణ్ణం పెడతా. మా ఆవిడ గొంతు ఎక్కుతోందిక్కడ." అవతల ఆయనకి ఏమర్థమైందో గానీ, ఆ రోజు కరెంటు పోలేదు. ఇన్వర్టరు ఉంది కదా అంటే, "దాన్ని నమ్మేదెట్టా?" అన్నాడు. మా తమ్ముడు, పక్కింటివాళ్ళు, కోతకొచ్చిన ఆడవాళ్ళు, అందరూ వచ్చి తొంగిచూసి "ఎంతైంది?" అని అడగడమే. క్రికెట్ స్కోరు కూడా అన్నిసార్లు అడగరు. సగం దాటినప్పుడు ఎవరో చప్పట్లు కొట్టారు. పెదనాన్న గబుక్కున తలుపు వైపు చూశాడు, పెద్దమ్మ వచ్చిందనుకుని.

పొద్దు వాలేవేళకి పూర్తయింది. రెండు దీపాలూ పచ్చగా వెలిగాయి. పెదనాన్న నా రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. అరవై దాటిన మనిషి! ఆ వేళ మా ఇద్దరికీ కలిగిన ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదంటే మా ఆయన ఏమనుకున్నా సరే. ఆ మర్నాడే ఇంకో డిస్కులోకి నకలు తీసి, తువ్వాల్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చి బీరువాలో తనే పెట్టాడు. కోతలు ఇంకా అవలేదు.

పెద్దమ్మ ఒంగోలునుంచి వచ్చేలోపు ఇల్లంతా కడిగించాం. ఆవిడ వచ్చి, గోడ వారగా మిగిలిన ఎర్రటి చార చూసింది, టేబుల్ ఫ్యాను చూసింది, ఆయన మొహం చూసింది. తడిగుడ్డ తెచ్చి ఆ చార తుడిచి, పెట్టె మీద దుమ్ము కూడా కొంగుతో సుతారంగా తుడిచింది. అప్పటిదాకా ఆవిడ దాన్ని తాకడం నేను చూడలేదు.

పెద్దకర్మ రోజున మా ఇళ్ళలో పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, ఫోటో ముందు విస్తరి వేసి వడ్డిస్తారు. తరవాత అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేస్తారు. పోయినవారు వచ్చి తిని వెళతారని నమ్మకం. ఆ రోజు కూడా అలాగే వేశారు. గోంగూర, గారెలు, నంజుకోవడానికి ఊరమిరపకాయలు. అందరం వరండాలోకి వచ్చి నిలబడ్డాం. పెద్దమ్మ మాత్రం రాలేదు. మా అమ్మ పిలవబోతే నేను వద్దన్నాను. ఆవిడే లోపలినుంచి తలుపు వేసుకుంది.

తరవాత టీవీ పెట్టిన చప్పుడు. ఎవరు నేర్పారు ఆవిడకి? నేను నేర్పలేదు. ఎన్నిసార్లు ఆయన వెనక నిలబడి చూసిందో, మరి. తలుపు అవతలినుంచి, ఆ వీధి మళ్ళీ వింటుందని ఎవరమూ అనుకోని ఆ గొంతు, పూర్వంలాగే గట్టిగా వచ్చింది.

"ఇంకా ఎంతసేపయ్యా? అన్నం వడ్డించా. ఆ చేను ఎక్కడికీ పోదులే. నువ్వు రా."

ఫోను రికార్డింగు కదా, వెనకే ఆయన గొంతు కూడా ఉంది, కాస్త ఆయాసంగా, గాలి చప్పుడులో.

"వస్తన్నానే, గట్టెక్కా. వచ్చేశా."

రికార్డింగు అయిపోయింది. పెద్దమ్మ మళ్ళీ మొదటినుంచి పెట్టింది.